విషజరం అనే జబ్బు లేదు

వానలు పడ్డ నెల రోజులకు పేపర్ల ఒక వార్త వస్తది. ఏటా అదే వార్త. ఊరు పేరు మారుతది, అంతే. "విషజరాలతో మంచం పట్టిన తండా". "విషజరంతో చిన్నారి మృతి". కింద ఒక ఫొటో. చెట్టు కింద నులక మంచం, చెట్టు కొమ్మకు ఏలాడే సెలైన్ బాటిల్. లీడర్ వచ్చిండు, పరామర్శించిండు. మెడికల్ క్యాంపు పెట్టిండ్రు, బ్లీచింగ్ పౌడర్ చల్లిండ్రు, గోలీలు పంచిండ్రు. నాలుగు దినాలకు వార్త పోతది. ఏడ్సుకుంట తల్లి మిగులుతది.

నేనొక్క మాట అడుగుత. అసలు విషజరం అంటే ఏంది?

ఏ డాక్టర్ బుక్కులనన్న గా పేరు ఉన్నదా? మలేరియా ఉన్నది. డెంగీ ఉన్నది. టైఫాయిడ్ ఉన్నది. స్క్రబ్ టైఫస్ ఉన్నది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఉన్నది. ఒక్కోదానికి ఒక్కో క్రిమి, వచ్చే తొవ్వ ఒక్కోటి, ఆపే తరీఖ ఒక్కోటి. ఒకటి దోమతోని వస్తది, ఒకటి తాగే నీళ్లతోని వస్తది, ఇంకొకటి గడ్డిల, పొదలల్ల ఉండే చిన్న పురుగు కుడితే వస్తది. ఇవన్నిటిని ఒక్క మూటల కట్టి "విషజరం" అని రాస్తే, ఏం వచ్చిందో ఎవ్వలు ఎతకలేదని అర్థం. ఎతకలేదు అని సక్కగ చెప్తే జనం నిలదీస్తరు. విషజరం అంటే నిలదీయరు, భయపడి ఊకుంటరు. గదీ ఆ మాటతోని ఉన్న లాభం.

మన పాతోళ్లు ఇంతకన్న నయం. సదువు లేకున్నా జబ్బుకొక పేరు పెట్టిండ్రు. కక్కుడు, పారుడు ఊరి మీద పడితే "గత్తర" అన్నరు. ఒళ్లంత పొక్కులు లేస్తే "తల్లి పోసింది" అన్నరు. కాలుల నుంచి దారం లెక్క పురుగు బయటికొస్తే "నారికురుపు" అన్నరు. ఇయ్యాల రేపు పోరలు "గత్తర లేపిండురా" అంటే అది మెచ్చుకునే మాట. ఒకప్పుడు ఆ మాట చెవుల పడితే ఊరు ఊరే ఖాళీ అయ్యేది. వాళ్లకు క్రిమి తెల్వదు, కానీ ఇది వేరు, అది వేరు అని కండ్లతోని చూసి గుర్తుపట్టిండ్రు. సెల్‌ఫోన్లు, స్కానింగులు వచ్చినంక మనం మళ్ల అన్నిటిని ఒకటే మూటల కడుతున్నం.

పేరుల ఏమున్నది అనుకునే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు మన దగ్గర్నే జరిగిన ఒక ముచ్చట చెప్త. మీల సగం మంది అప్పటికి పుట్టలేదు కావచ్చు.

2003 వానాకాలం: కరీంనగర్, వరంగల్

2003ల ప్రపంచమంత ఒకటే లొల్లి. సార్స్. టీవీ పెడితే మూతికి గుడ్డ కట్టుకున్న మనుషులే. ప్రపంచం మొత్తం మీద 8,096 మందికి సోకింది, 774 మంది సచ్చిపోయిండ్రు. మన దేశంల లెక్క తేలింది ముగ్గురే. ఒక్కలు గూడ సావలే.

గా సమయంలనే, జూన్ నుంచి ఆగస్టు నడుమ, అప్పటి ఉమ్మడి రాష్ట్రంల, ఎక్కువ కరీంనగర్, వరంగల్ దిక్కు పల్లెలల్ల పిల్లలు రాలిపోయిండ్రు. ఆ జబ్బు నడక అందరి దగ్గర దాదాపు ఒక్క తీరుగనే ఉండె. మంచిగ ఆడుకున్న పిల్లగానికి ఉన్నట్టుండి కాగిపోయే జరం. కక్కుడు. ఫిట్స్. సోయి తప్పుడు. మస్తు మందికి జరం వచ్చిన 48 గంటల లోపే పానం పోయింది. దవాఖాన తొవ్వ పట్టే లోపే పోయినోళ్లు ఎందరో. లెక్కకు ఎక్కినోళ్లే 329 మంది పిల్లలు. అండ్ల 183 మంది సచ్చిపోయిండ్రు. నూటికి 55 మంది.

మల్లొకసారి సదువుండ్రి. జబ్బు పడ్డ ఇద్దరు పిల్లలల్ల ఒకరు దక్కలే.

ముందుగాల అనుమానం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికి పోయింది. అది మనకు పాత చుట్టమే. పందులల్ల, కొంగలల్ల దాసుకొని దోమతోని మనిషికి ఎక్కుతది. కానీ పరీక్షలల్ల అది కాదని తేలింది. పుణెల ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ శాస్త్రవేత్తలు పిల్లల నమూనాలు తీసుకొనిపోయి ఒక్కొక్క వైరస్‌ను జల్లెడ పట్టిండ్రు. ఆఖరికి ఒక పేరు బయటపడ్డది. చండీపుర.

ఆ పేరు ఒక ఊరిది. మహారాష్ట్రల నాగ్‌పూర్ దగ్గరి పల్లె. 1965ల గా ఊర్ల జరం వచ్చిన మనుషుల రక్తంల మొదటిసారి ఈ వైరస్ దొరికింది. అప్పుడు అదేదో మామూలు జరం అనుకున్నరు. 38 ఏండ్లు అది పుస్తకాలల్ల ఒక మూలకు పడి ఉన్నది. ఆ నడుమ దాని గురించి పట్టించుకున్నోళ్లు తక్కువ. మన పిల్లలు సచ్చినంకనే దాని అసలు రూపం లోకానికి తెలిసింది. 2004ల లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికల ఈ పరిశోధన అచ్చయింది. లాన్సెట్‌ల ఎక్కుడంటే శాస్త్రవేత్తకు గొప్ప. మనకు మాత్రం అది 183 మంది పిల్లల సావు కాగితం.

గోడ నెర్రెలల్ల ఉండే ఈగ

ఈ వైరస్‌ను మోసుకొచ్చేది దోమ కాదు, ఇసుక ఈగ. శాండ్‌ఫ్లై అంటరు. దోమల మూడో వంతు కూడ ఉండదు. రెక్కల చప్పుడు ఉండదు. ఎక్కువ దూరం ఎగరలేదు, గంతులేసుకుంట పోతది. పొద్దుగూకినంక, రాత్రిపూట కుడుతది. మామూలు దోమతెర కండ్లల్లకెల్లి లోపటికి దూరిపోతది. దాని సంసారమంత యాడ ఉంటది? మట్టిగోడ నెర్రెలల్ల, పెండ పేరుకున్న కొట్టంల, తేమ, చీకటి, కుళ్లిన చెత్త ఉన్న తావుల. కరీంనగర్ జిల్లాల పట్టిన ఇసుక ఈగలల్లనే ఈ వైరస్ ఆనవాలు దొరికిందని శాస్త్రవేత్తలు 2005ల రాసిండ్రు. 2005-06ల వరంగల్, కరీంనగర్ దిక్కు మళ్ల చూస్తే, ఉత్తర తెలంగాణల పిల్లల మెదడువాపుకు చండీపుర ఒక పెద్ద కారణం అని తేల్చిండ్రు. అంటే అది 2003ల వచ్చి పోయిన చుట్టం కాదు, మన గోడలల్లనే కాపురం పెట్టింది.

గిక్కడ ఆగి ఆలోచించుండ్రి. మట్టిగోడ ఇల్లు ఎవలది? గోడకు ఆనుకొని కొట్టం ఉండేది ఎవలకు? ఉక్కకు ఇంట్ల పండలేక వాకిట్ల కింద పండేది ఎవల పిల్లలు? ఈగకు కులం తెల్వదు, నిజమే. కానీ ఈగకు నెర్రె గావాలె. ఆ నెర్రె ఎవరి గోడకున్నదో చూస్తే, జబ్బు ఎవరిని ముందుగాల పడుతదో శాస్త్రవేత్త లేకున్నా చెప్పొచ్చు. సిమెంట్ గోడలు, టైల్స్ నేల ఉన్న ఇంటి పిల్లకు ఈ భయం తక్కువ. గందుకనే ఇది ఇండ్ల పథకం ముచ్చట కూడ. ఇల్లు వచ్చిందా, రాలేదా అనేది పేదోనికి పరువు ముచ్చటే కాదు, పిల్లల పానం ముచ్చట.

డాక్టర్లు కొట్లాడుకుంటే మనకు మంచిదే

ఇంకొక సంగతి దాసిపెట్టొద్దు. చండీపుర పేరు వచ్చినంక గూడ అందరు డాక్టర్లు ఒప్పుకోలే. మన రాష్ట్రంల పిల్లల డాక్టర్లే కొంతమంది, మేం చూసిన పిల్లలల్ల ఇది మెదడువాపు లెక్క లేదు, మెదడుకు రక్తం పోయే నరం మూసుకపోయిన లెక్క ఉన్నది అన్నరు. "ఎపిడెమిక్ బ్రెయిన్ అటాక్" అని దానికొక పేరు పెట్టిండ్రు. రెండు దిక్కుల రాతలు నడిచినయి. తర్వాతి ఏండ్లల్ల 2004ల గుజరాత్‌ల, ఆ తర్వాత నాగ్‌పూర్ దిక్కు ఇసొంటి జబ్బులల్ల మళ్ల చండీపురనే దొరికినంక, వైరస్ వాదన బలపడ్డది.

ఇది చూసి కొందరు "డాక్టర్లకే ఖరారు లేదు, మనకెందుకు" అంటరు. ఉల్టా అనాలె. ఇట్ల కొట్లాడినందుకే నిజం గట్టిపడ్డది. పరీక్షలు పెట్టి, లెక్కలు తీసి, ఒకరి తప్పును ఒకరు ఎతికితేనే శాస్త్రం నడుస్తది. ఏ కొట్లాట లేకుండ, ఏ పరీక్ష లేకుండ, తెల్లారేసరికి "విషజరం" అని తేల్చినప్పుడే భయపడాలె.

ఊరి నాడి పట్టే సదువు

ఈ ఎతుకులాట సదువుకు ఎపిడెమియాలజీ అని పేరు. పేరు చూసి జంకొద్దు. డాక్టర్ ఒక్క మనిషి నాడి పడుతడు. ఈ సదువు ఊరి నాడి పడుతది. నేను కాలేజీల కూసొని నేర్సుకున్నది ఏం లేదు. దొరికిన పుస్తకాలు, రిపోర్టులు పట్టుకొని కూడబలుక్కుంట సదివిన. నాకు అర్థమైంది ఏందంటే, దీని మూలం నాలుగు ప్రశ్నలు. ఎవలకు వచ్చింది? యాడ వచ్చింది? ఎప్పుడు వచ్చింది? నాలుగోది అన్నిటికన్న ముఖ్యం. పక్కనే ఉండి గూడ ఎవలకు రాలేదు?

ఆ నాలుగో ప్రశ్న బలం ఎంతో బీహార్ల చూడొచ్చు. ముజఫర్‌పూర్ల ఏటా ఎండకాలం పిల్లలు ఫిట్స్‌తోని సచ్చిపోయేది. వైరస్ అన్నరు, ఎండదెబ్బ అన్నరు. 2014ల మన నేషనల్ సెంటర్ ఫర్ డిసీజ్ కంట్రోల్, అమెరికా సీడీసీ కలిసి ఎతికినయి. ఆ సీజన్ల రెండు దవాఖానలల్ల 390 మంది చేరితే 122 మంది సచ్చిపోయిండ్రు. వాళ్లు ఏం చేసిండ్రంటే, జబ్బు పడ్డ 104 మంది పిల్లలను, అదే ఈడు జబ్బు పడని 104 మంది పిల్లలను పక్కపక్కన పెట్టి చూసిండ్రు. నిన్న ఏం తిన్నడు? రాత్రి బువ్వ తిన్నడా? జబ్బు పడ్డోళ్లల్ల లిచీ పండ్లు తిన్నోళ్లు మస్తు ఎక్కువ తేలిండ్రు. రాత్రి బువ్వ తినకుండ పండుకున్నోళ్లకు ముప్పు ఇంకింత పెరిగింది. లిచీల ఉండే ఒక పదార్థం, ఖాళీ కడుపు మీద పిల్లల రక్తంల చక్కెరను పడగొడుతది. అది వైరస్సే కాదు. పండు, ఆకలి కలిసి చేసిన పని.

చూసిండ్రా? బయటికి కనబడే జబ్బు ఒకటే తీరు. జరమో, ఫిట్సో, సోయి తప్పుడో. కరీంనగర్ల దాని ఎనుక ఈగ ఉన్నది, ముజఫర్‌పూర్ల దాని ఎనుక ఆకలి ఉన్నది. ఒకదానికి గోడ నెర్రెలు పూడ్వాలె. ఇంకొకదానికి పిల్లకు రాత్రి బువ్వ పెట్టి పండబెట్టాలె, దవాఖానకు రాంగనే చక్కెర చూసి గ్లూకోజ్ ఎక్కించాలె. రెండిటికీ విషజరం అని పేరు పెడితే రెండిట్ల ఏ పిల్లా దక్కది. కానీ తెలుసుకుంటే సరిపోదు, చెయ్యాలె గూడ. అదే ముజఫర్‌పూర్ల 2019ల మళ్ల వంద మందికి పైన పిల్లలు సచ్చిపోయిండ్రు. కారణం కాగితం మీద ఉండె. బువ్వ కంచంలకు రాలే.

మందు లేదంటే చేతులెత్తేసుడేనా?

చండీపురకు ఇయ్యాల్టికి టీకా లేదు. దాన్ని సంపే మందు గూడ లేదు. దవాఖానల చేసేది ఫిట్స్ ఆపుడు, మెదడు వాపు తగ్గించుడు, ఊపిరి నిలబెట్టుడు. అయినా ఎంత జల్ది పోతే అంత ఆశ ఉంటది.

ప్రపంచం టీకాలల్ల మూడో వంతు హైదరాబాద్లనే తయారైతయని మన లీడర్లు ప్రతి మీటింగుల చెప్తరు. కోవిడ్ వస్తే ఏడాది తిరగక ముందే, 2021 జనవరిల, పుణె వైరాలజీ సంస్థ ఇచ్చిన వైరస్‌తోని హైదరాబాద్ కంపెనీ చేసిన టీకాకు అనుమతి వచ్చింది. మంచిదే. మరి గా హైదరాబాద్‌కు నూటయాభై కిలోమీటర్ల దూరంల ఉన్న వరంగల్ పల్లె పిల్లలను సంపిన వైరస్‌కు ఇరవై ఏండ్లు దాటినా టీకా ఎందుకు రాలే? శాస్త్రం చేతగాక కాదు. ఎండకాలం, వానాకాలం సంధిల, నాలుగు రాష్ట్రాలల్ల, మట్టిండ్ల పిల్లలకు వచ్చే జబ్బు అది. కొనెటోడు లేని సరుకును మార్కెట్ తయారు చెయ్యది. గందుకే ఆ పని సర్కార్ చెయ్యాలె, సర్కార్ పైసలతోని చెయ్యాలె అని మనం అడుగుతున్నం.

అయితే టీకా వచ్చేదాక చేతులు కట్టుకొని కూసోవాల్నా? నారికురుపు ముచ్చట యాదికి తెచ్చుకోండ్రి. మన ఉమ్మడి రాష్ట్రం గూడ ఆ జబ్బుతోని మస్తు బాధపడ్డది. దానికి టీకా లేదు, మందు లేదు. ఇప్పటికీ లేవు. దిగుడుబావిల దిగి నీళ్లు ముంచుకునేటప్పుడు, పుండున్న కాలు నీళ్లల్ల పెడితే పురుగు పిల్లలను ఇడుస్తది. వాటిని నీళ్లల్ల ఉండే సన్న పురుగులు మింగుతయి. ఆ నీళ్లు తాగినోనికి ఏడాది తర్వాత కాలుల నుంచి నారి బయటికొస్తది. ఈ తొవ్వ తెలిసినంక చేసింది ఏందంటే, ఇల్లిల్లు తిరిగి రోగులను లెక్క పెట్టిండ్రు. నీళ్లు గుడ్డతోని వడగట్టి తాగమన్నరు. మెట్ల బావులల్లకు దిగకుండ చేసిండ్రు, బోరింగులు ఏసిండ్రు. 1996ల దేశంల ఆఖరి కేసు. 2000ల దేశం నారికురుపు లేని దేశం అయింది. ఒక్క సూది ఎయ్యకుండ, ఒక గుడ్డ ముక్క, ఒక లెక్కల పుస్తకం, ఊరూరు తిరిగిన చిన్న ఉద్యోగులు ఒక జబ్బును ఊడబెరికిండ్రు.

ఈగతోని గూడ అట్లనే కొట్లాడొచ్చు. గోడ నెర్రెలు మట్టితోనో, సిమెంట్‌తోనో పూడ్చుడు. కొట్టాన్ని ఇంటికి దూరం జరుపుడు, పెండ ఎప్పటికప్పుడు తీసుడు. జబ్బు కాలం రాకముందే గోడలకు, నెర్రెలకు మందు కొట్టుడు. మందు పూసిన దోమతెరలు ఇచ్చుడు. ఇండ్ల ఏదీ పెద్ద సైన్సు కాదు. అయితే మందు యాడ కొట్టాలె, ఎప్పుడు కొట్టాలె అని తెల్వాలంటే లెక్క గావాలె. లెక్క లేకుంటే వచ్చేది ఫొటో కోసం చల్లే బ్లీచింగ్ పౌడరే. బ్లీచింగ్‌తోని ఇసుక ఈగ సావది.

లెక్కల సంపుతున్నరు

అసలు కిరికిరి లెక్క దగ్గర్నే ఉన్నది. 2020ల మన దేశంల నమోదైన సావులల్ల, దేనితోని సచ్చిండో డాక్టర్ రాసి ఇచ్చినయి 22.5 శాతమే. అంటే నలుగురు పోతే ముగ్గురు దేనితోని పోయిండ్రో కాగితం మీద సక్కగ లేదు. పట్నంల పెద్ద దవాఖానల పోయినోనికి కారణం ఉంటది. తండాల, గూడెంల, ఆటోల తీసుకపోతుంటే తొవ్వల పోయినోనికి ఉండదు.

కోవిడ్ల గూడ చూసినం. 2021 ఆఖరు నాటికి సర్కార్ చెప్పిన సావులు 4.81 లక్షలు. ఆ రెండేండ్లల్ల ఇండియాల అదనంగ పోయినోళ్లు 47 లక్షలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేల అంచనా ఏసింది. కేంద్రం ఆ లెక్క పద్ధతినే ఒప్పుకోలే. ఎవల లెక్క ఎంతవరకు సరి అని పండితులు ఇంకా వాదులాడుకుంటున్నరు. కానీ రెండిటి నడుమ పదింతల తేడా ఉన్నదంటే, మన సావుల చిట్టా ఎంత చెదలు పట్టి ఉన్నదో తెలుస్తది. చిట్టా సక్కగ ఉంటే అంచనాల పని ఏమున్నది?

చండీపుర జాడ మర్సిపోయినోళ్లకు 2024ల గుజరాత్ మళ్ల యాది చేసింది. సాబర్‌కాంఠా దిక్కు హిమ్మత్‌నగర్ దవాఖాన డాక్టర్లకు వరుసగ పిల్లల సావులు చూసి అనుమానం వచ్చింది. నమూనాలు పుణెకు పంపిండ్రు. ఆ జూన్ మొదలు నుంచి ఆగస్టు 15 దాక దేశంల 245 మెదడువాపు కేసులు, 82 సావులు లెక్క తేలినయి. అండ్ల 64 మందికి చండీపుర ఖరారైంది. ఇరవై ఏండ్లల్ల ఇదే పెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మట్టిండ్ల నెర్రెలల్ల మందు పొడి కొట్టిండ్రు, ఇల్లిల్లు తిరిగిండ్రు.

ఇక్కడ ఒక హుషారీ గావాలె. 2003ల నూటికి 55, 2024ల నూటికి 33. సావులు తగ్గినయి, దవాఖానలు మంచిగైనయి అని ఎవడన్న ఫేస్‌బుక్కుల పోస్టు పెట్టొచ్చు. కానీ కింద ఉన్న సంఖ్య చూడుండ్రి. 245 మంది అందరు చండీపుర రోగులు కాదు, అందరు మెదడువాపు రోగులు. 2003ల గూడ 329 మందికి పరీక్ష జరగలే, కొంతమందికే జరిగింది. పైన ఉన్న సంఖ్యను కింద ఉన్న ఏ సంఖ్యతోని భాగిస్తున్నమో చూడకుండ శాతం చెప్తే, అది లెక్క కాదు, ప్రచారం. ఏ పార్టీ చెప్పినా, నా అసొంటి కార్యకర్త చెప్పినా, ఈ ప్రశ్న అడుగుండ్రి: "కింద సంఖ్య ఏంది?"

మనం ఏం చెయ్యాలె

2004 నుంచి దేశంల ఐడీఎస్పీ అనే జబ్బుల నిఘా పద్ధతి ఉన్నది. సబ్ సెంటర్ల ఏఎన్ఎం అక్క లక్షణాలు రాస్తది, పీహెచ్‌సీ డాక్టర్ అనుమానం రాస్తడు, ల్యాబ్ ఖరారు రాస్తది. 2021 నుంచి ఇది ఆన్‌లైన్ అయింది. పద్ధతి మంచిదే. అయితే పొద్దున లేస్తే ఆశక్కకు, ఏఎన్ఎంకు నలబై పనులు చెప్పి, సక్కగ జీతం ఇయ్యకుండ, సిగ్నల్ లేని ఊర్ల ట్యాబ్ చేతుల పెడితే లెక్క యాడికెల్లి వస్తది? ఆశక్కల ధర్నాకు మనం ఎందుకు పోవాలె అని అడిగే తమ్ముళ్లకు ఇదే జవాబు. ఊరి నాడి మీద ఏలు పెట్టి ఉన్నది గా అక్కనే.

ఊర్ల జరాలు మొదలైతే వాట్సాప్ల భయం పంచుడు బంద్ పెట్టి, ఒక నోట్ బుక్ తీయుండ్రి. ఎవలకు, ఎంత ఈడు, ఏ వాడ, జరం ఏ తారీఖు మొదలైంది, ఏమేం లక్షణాలు, నీళ్లు యాడియి, ఇంట్ల ఇంకెవలకన్న వచ్చిందా, దవాఖానకు ఎప్పుడు పోయిండ్రు. ఇంతే. దీన్ని ఏఎన్ఎంకు, పీహెచ్‌సీ డాక్టర్‌కు చేతికి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండ్రి. రోగుల పేర్లు మాత్రం గ్రూపులల్ల పెట్టొద్దు. జబ్బు పడ్డ ఇంటిని ఊరి నుంచి ఎలేసే బుద్ధి మనకు ఇంకా పోలే. అది మర్సిపోవద్దు.

ఊరి ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ అని ప్రతి ఊరికి ఒకటి ఉండాలె. దాని కింద ఏడాదికి పది వేల రూపాయలు వచ్చే ఏర్పాటు ఉన్నది. కమిటీల ఎవలెవలున్నరు, పైసలు యాడ పెట్టిండ్రు అని గ్రామసభల లేసి అడుగుండ్రి. నమూనాలు తీసిండ్రా, ఏ ల్యాబ్‌కు పంపిండ్రు, రిపోర్టు ఏం వచ్చింది అని సమాచార హక్కు కింద జిల్లా వైద్యాధికారికి దరఖాస్తు పెట్టుండ్రి. జవాబు రాకున్నా ఇడిసిపెట్టొద్దు, అప్పీల్ చెయ్యుండ్రి.

ఇంకొకటి, ఇది రాజకీయం కాదు, పానం ముచ్చట. పిల్లకు ఉన్నట్టుండి పెద్ద జరం వచ్చి, కక్కుడు, ఫిట్స్, మత్తు ఏదున్నా, ఆర్ఎంపీ దగ్గర సూది ఏపిచ్చి రేపు చూద్దాం అనొద్దు. పోచమ్మకు మొక్కుండ్రి, ఎవ్వలు వద్దనరు, కానీ 108ల కూసొని మొక్కుండ్రి. ఈ జబ్బుల గంటలు లెక్క, దినాలు కాదు.

సర్కార్‌ను అడిగేటియి గూడ సక్కగ అడుగుదాం. జబ్బు కాలం మొదలు కాకముందే ఉత్తర తెలంగాణ పల్లెలల్ల ఇసుక ఈగల సర్వే చెయ్యాలె. చండీపుర పరీక్ష వరంగల్‌లనే చేసి, రిపోర్టు దినంల చెప్పాలె, పుణె దాక పోయి రావద్దు. మెదడువాపుతోని పోయిన ప్రతి పిల్ల సావు మీద విచారణ జరగాలె, దాని కాగితం ఊరి పంచాయితీ గోడ మీద అంటించాలె. మట్టిండ్లు ఉన్నోళ్లకు ఇండ్లు ముందుగాల ఇయ్యాలె.

ఈ వానాకాలం "విషజరం" అనే హెడ్డింగ్ మళ్ల కనబడుతది. షేర్ కొట్టే ముందు, కింద కామెంట్ల రెండు ప్రశ్నలు రాయుండ్రి. పరీక్ష చేసిండ్రా? ఏం తేలింది? పదిమంది రాస్తే రిపోర్టర్ అడుగుతడు. వందమంది రాస్తే కలెక్టర్ జవాబు చెప్తడు. 2003ల పోయిన ఆ 183 మంది పిల్లల జబ్బుకు పేరు దొరికింది గూడ ఎవరో పట్టుబట్టి అడిగినందుకే.